బోండాలు తేకండి, మీరు రండి

పాఠకుల ప్రశ్నలు – అక్కయ్య జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం జబ్బుల గురించీ చావుల గురించీ ఉన్నాయి. అలాంటప్పుడు సంఘం చేసిన మేలు గురించి కొందరు రాశారు, సంఘం పెట్టిన గాయం గురించి ఇంకొందరు రాశారు. అందుకని పెళ్ళి సంబంధాలు, ఆస్తి తగాదాల ఉత్తరాలు వచ్చే నెలకి ఉంచాను, రాసినవారు ఏమీ అనుకోవద్దు. కొత్త పాఠకుల కోసం ఒక మాట: నేను గుంటూరులో మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాను. లూథరన్ సంఘంలో పుట్టి పెరిగాను. వేదాంత కాలేజీలో చదువుకోలేదు. వార్డులో చూసిందీ బైబిల్లో చదివిందీ కలిపి, నాకు నమ్మకమైనదే చెబుతాను.

ప్రశ్న: అక్కయ్యగారికి వందనాలు. మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. మా ఆయన కౌలు సేద్యం చేసేవారు. ఏడాదిన్నర కిందట రెండు కిడ్నీలూ పోయాయన్నారు. వారానికి మూడుసార్లు గుంటూరు తీసుకెళ్ళి డయాలసిస్ చేయిస్తున్నాం. మొదట్లో సంఘంవాళ్ళు గుంపుగా వచ్చి ప్రార్థన చేసేవారు. పోనుపోను మాటలు మారాయి. 'ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదో ఉంది, అందుకే జవాబు రావట్లేదు' అని ఒక పెద్దావిడ నా మొహం మీదే అంది. ఊళ్ళో కూడికలకి వచ్చిన ఒక బోధకుడు, నలభై రోజులు ఉపవాసం ఉండి మందులు, డయాలసిస్ మిషను మానేస్తే దేవుడు కార్యం చేస్తాడన్నాడు. మా ఆయన మానేద్దామంటున్నారు. నాకు భయంగా ఉంది. నేను ఒప్పుకోకపోతే నా అవిశ్వాసం వల్లే ఆయన బాగుపడలేదంటారు. గుడికి వెళ్ళడం మానేశాను. పాటలు వినిపిస్తే ఏడుపు ఆగట్లేదు. దేవుడి మీద కోపం కూడా వస్తోంది. మేం ఏం పాపం చేశాం అక్కయ్యా? – ఒక సోదరి

జవాబు: చెల్లీ, మిగతా సంగతులు తర్వాత. డయాలసిస్ ఒక్కసారి కూడా మానొద్దు. ఈ పత్రిక నీ చేతికి అందేలోపు ఏమవుతుందోనన్న టెన్షన్‌తో, నీ ఉత్తరం కింద ఉన్న నంబరుకి ముందే ఫోన్ చేసి చెప్పాను. అదే మాట ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి ఉత్తరం నీదొక్కటే కాదు.

కిడ్నీలు పూర్తిగా పనిచేయని మనిషి మిషను మానేస్తే ఒంట్లో నీరు, పొటాషియం పేరుకుపోతాయి. నీరు ఊపిరితిత్తుల్లోకి చేరితే పడుకోలేనంత ఆయాసం వస్తుంది. పొటాషియం పెరిగితే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. నలభై రోజుల మాట అటుంచు, చాలామంది రెండు వారాలు కూడా తట్టుకోలేరు. ఉపవాసం కూడా ఆయనకి పనికిరాదు. మిషను మీద ఉన్నవారికి మామూలు మనిషికంటే మాంసకృత్తులు ఎక్కువ కావాలి, అందుకే అక్కడ గుడ్డు తినమంటారు. ఆయన తరఫున నువ్వు గానీ సంఘం గానీ ఉపవాసం ఉండండి. ఆయన మాత్రం వేళకి తినాలి.

'మందు మానడమే విశ్వాసం' అన్న మాట బైబిల్లో ఎక్కడుందో ఆ బోధకుణ్ణి చూపించమను. హిజ్కియా రాజు పుండు లేచి చావుబతుకుల్లో ఉన్నప్పుడు గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థన చేశాడు. దేవుడు విన్నాడు, ఇంకా పదిహేనేళ్ళు ఆయుష్షు ఇస్తానని యెషయా ప్రవక్త చేత చెప్పించాడు. ఆ మాట ఇచ్చేశాక యెషయా ఏం చేశాడు? అంజూరపు పళ్ళ ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. రెండో రాజుల గ్రంథం 20వ అధ్యాయం, ఈ రాత్రే మీ ఆయన చేత చదివించు. బాగుచేస్తానని దేవుడే మాటిచ్చాక కూడా పుండుకి కట్టు కట్టారు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. అదే పౌలు, తన తోటి పనివాడు త్రోఫిముని మిలేతులో జబ్బుతో ఉండగానే విడిచి రావాల్సి వచ్చిందని రాశాడు. త్రోఫిముకి విశ్వాసం లేదని ఎక్కడా అనలేదు. మన గుంటూరు ప్రాంతానికి సువార్త తెచ్చినవాళ్ళే మందుల పెట్టె కూడా తెచ్చారు. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ జీవితమంతా ఇక్కడి ఆడవాళ్ళకి, పిల్లలకి వైద్యం చేయడంలోనే గడిపింది. ప్రార్థన చేసి సూది పట్టుకునే మనుషుల మధ్య పనిచేసినదాన్ని. ఆ రెండిటికీ పోటీ పెట్టేవాళ్ళని చూస్తే నాకు కడుపు మండుతుంది.

ఇక పాపం సంగతి. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అచ్చం ఆ పెద్దావిడలాగే అడిగారు, వీడు పాపం చేశాడా, వీడిని కన్నవాళ్ళు చేశారా అని. ఇద్దరూ కాదన్నాడు యేసు ప్రభువు. సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయినప్పుడు కూడా, వాళ్ళు యెరూషలేములో మిగతావాళ్ళకంటే ఎక్కువ పాపులనుకుంటున్నారా అని ఆయనే నిలదీశాడు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పేరు వినే ఉంటావు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడిమామిడి తోటల్లో కష్టం చేసుకుని బతికే జనానికి ఏళ్ళ తరబడి కిడ్నీలు పోతూనే ఉన్నాయి. ఒకే ఇంట్లో తండ్రికి, తర్వాత కొడుకుకి. నీళ్ళు పరీక్షించారు, మట్టి పరీక్షించారు, ఇదీ కారణమని ఇప్పటికీ తేల్చలేకపోయారు. 2023లో పలాసలో కిడ్నీ జబ్బులకే పెద్ద ఆసుపత్రి తెరవాల్సి వచ్చింది. ఆ ఊళ్ళన్నీ ఒప్పుకోని పాపం దాచిపెట్టుకున్నాయా? ఆ పెద్దావిడకి ఈ ఒక్క ప్రశ్న చాలు. అడిగే ఓపిక నీకు లేకపోతే ఈ పేజీ చింపి ఇచ్చెయ్యి.

దేవుడి మీద కోపం వస్తోందని రాయడానికి నువ్వు భయపడ్డావు. ఆ అక్షరాలు మిగతావాటికంటే చిన్నగా ఉన్నాయి. బైబిల్లో కష్టాలన్నీ మీద పడ్డ యోబు ఎంత మాటన్నాడో చదివావా? తాను పుట్టిన రోజునే శపించాడు. తనకెందుకిలా చేశావని దేవుణ్ణే నిలదీశాడు. స్నేహితులు ముగ్గురూ మొదట మంచిపనే చేశారు, ఏడు రాత్రింబగళ్ళు నోరెత్తకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. ఎనిమిదో రోజునుంచి నోళ్ళు తెరిచి, నీలో ఏదో తప్పుంది ఒప్పుకో అన్నారు. ఆఖరికి దేవుడు ఎవరి పక్షాన మాట్లాడాడు? నా సేవకుడైన యోబులా మీరు నా గురించి యుక్తంగా మాట్లాడలేదని ఆ ముగ్గురిమీదే కోప్పడ్డాడు. కీర్తనల్లో 88వది చూడు. మొదటినుంచి చివరిదాకా ఏడుపే. మిగతా కీర్తనల్లా ఆఖర్లో స్తుతితో కూడా ముగియదు, చీకటి అన్న మాటతో ఆగిపోతుంది. అది కూడా దేవుడి గ్రంథంలోనే ఉంది, గుళ్ళో చదవడానికే ఉంది. నీ కోపం నోటితో ఆయనకే చెప్పు. ఆయనతో మాట్లాడటం మానకపోతే చాలు.

గుడికి వెళ్ళడం మానేశానన్నావు. పాటలు పాడలేని రోజుల్లో పాడక్కర్లేదు, వెనక బెంచీలో కూర్చో. పక్షవాయువుతో పడున్నవాణ్ణి నలుగురు మంచంతో మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి దించిన సంగతి మార్కు సువార్త 2వ అధ్యాయంలో ఉంది. అక్కడ 'యేసు వారి విశ్వాసము చూచి' అని ఉంటుంది. ఆ మంచం మీద ఉన్నవాడికి ఎంత విశ్వాసం ఉందో ఎవరూ కొలవలేదు. మోసినవాళ్ళ విశ్వాసంతోనే పని జరిగింది. ఇప్పుడు మంచం మీద ఉన్నది మీ ఆయనొక్కడే కాదు, నువ్వు కూడా. నీ తరఫున నమ్మడం, పాడటం సంఘం పని. ఆ పని వాళ్ళు మరిచిపోతే గుర్తు చేయాలి. మీ పాస్టరయ్యగారి దగ్గరికి, వారి అమ్మగారి దగ్గరికి వెళ్ళి, నాకు ఇంట్లో ఇలాంటి మాటలు అనేవాళ్ళు వద్దు అని నేరుగా చెప్పు. మంచి కాపరి అయితే తానే వెళ్ళి వాళ్ళని ఆపుతాడు. కాని పక్షంలో, పక్క ఊళ్ళో ఇంకో సంఘం ఉంటుంది. సంఘం మారితే దేవుణ్ణి వదిలినట్టు కాదు.

నర్సుగా కూడా నీతో కొంచెం మాట్లాడాలి. ఆయన చేతికి ఫిస్టులా, అంటే మిషనుకి రక్తం తీయడానికి రక్తనాళాలు కలిపి చేసే ఏర్పాటు, వేసి ఉంటారు. రోజూ పొద్దున లేవగానే దాని మీద మునివేళ్ళు మెల్లగా ఆనించి చూడు. పిల్లి ఒళ్ళో పడుకుని గురగురలాడినట్టు సన్నగా అదురుతూ ఉండాలి. ఆ అదురు తగలకపోతే సాయంత్రందాకా చూద్దామనుకోకుండా అప్పటికప్పుడు సెంటరుకి ఫోన్ చెయ్యి. ఆ చేతికి బీపీ చూడనివ్వొద్దు, రక్తం తీయనివ్వొద్దు, దాని మీద పడుకోనివ్వొద్దు, బరువులు మోయనివ్వొద్దు. మన సంఘంవాళ్ళు ప్రార్థన చేసేటప్పుడు చేయి గట్టిగా పట్టుకుని ఊపుతారు చూడు, ఆ చేయి మాత్రం పట్టుకోనివ్వకు. తల మీద చేయి పెట్టి ప్రార్థించమను, దేవుడు అలాగైనా వింటాడు.

ఇంకోటి. రోగిని చూడ్డానికి వచ్చేవాళ్ళంతా కొబ్బరి బోండాలు, అరటిపళ్ళు, బత్తాయిలు తెస్తారు. ప్రేమతోనే తెస్తారు. కానీ డయాలసిస్ మనిషికి కొబ్బరినీళ్ళు విషంతో సమానం, దాని నిండా పొటాషియమే. బత్తాయి రసమూ అంతే. పచ్చళ్ళు, అప్పడాలు, ఎండుచేపలు తింటే ఉప్పుకి దాహం వేసి, నీళ్ళు తాగి ఒళ్ళు ఉబ్బుతుంది. తెచ్చినవాళ్ళ మనసు నొప్పించలేక ఒక గుక్క తాగి, ఆ రాత్రి ఎమర్జెన్సీకి వచ్చినవాళ్ళని చూశాను. ఈ ముక్క ఆదివారం ప్రకటనల్లో చదివించు. ఏం తేవాలో కూడా చెప్పించు: బస్సు ఛార్జీలకి డబ్బు, నాటుకోడి గుడ్లు, లేదా ఒక పూట తోడు. మిషను మీద నాలుగు గంటలు ఉంటాడు కదా, ఆ నాలుగు గంటలు ఆయన పక్కన ఇంకొకరు కూర్చుంటే నువ్వు ఇంటిపట్టున ఉండి ఒక కునుకు తీయొచ్చు.

డయాలసిస్ మీద ఉన్నవారికి ప్రభుత్వ పింఛను ఉంది. వస్తోందో లేదో నువ్వు రాయలేదు. రాకపోతే మీ సచివాలయంలో ఆసుపత్రి కాగితాలు చూపించి అడుగు. కిడ్నీ మార్పిడికి ఆయన ఒళ్ళు తగినదో కాదో డాక్టరుగారిని అడిగి, తగినదైతే జీవన్‌దాన్‌లో, అంటే అవయవదానానికి ప్రభుత్వం నడిపే జాబితాలో, పేరు రాయించు. నీ సంగతి కూడా చూసుకోవాలి. రాత్రి నిద్ర పట్టక, అన్నం సయించక ఉంటే అది విశ్వాసలోపం అనుకోకు, అలసట. అదే ఆసుపత్రిలో నీకు కూడా ఒక చీటీ రాయించుకో.

ప్రశ్న: అక్కయ్యగారూ, మాది ప్రకాశం జిల్లాలో చిన్న బాప్టిస్టు సంఘం. అందరం కూలిపనులవాళ్ళమే. నేను యువజనుల కార్యదర్శిని. జబ్బు చేసినవారి ఇళ్ళకి వెళ్ళి ఐదువందలు కవర్లో పెట్టి ఇస్తాం, ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాం. మొన్న ఒకాయన కవరు తిరిగిచ్చేశాడు, ఫొటో తీయకపోతే తీసుకుంటానన్నాడు. లెక్క చూపించాలి కదా అని మా కమిటీలో గొడవ. ఇంతకంటే పెద్ద సాయం చేసే స్తోమత మాకు లేదు. ఎలా చేయమంటారు? – ఒక తమ్ముడు

జవాబు: తమ్ముడూ, ఆయన కవరు తిరిగివ్వడం నాకు నచ్చింది. లెక్క కావాలంటే పుస్తకంలో రాసి ఇద్దరు పెద్దల చేత సంతకం పెట్టించండి. మూలుగుతున్న మనిషి ఫొటో తీసి రసీదు కింద వాడుకోకూడదు. ఇప్పటిదాకా గ్రూపులో పెట్టినవి కూడా తీసేయండి.

మీ జిల్లాలో పుట్టిన సంఘం కాబట్టి మీ తాతముత్తాతల సంగతే చెబుతాను. 1876 నుంచి 78 దాకా ధాత కరువు వచ్చింది. తిండి లేక జనం దారుల్లో పడి చనిపోయారు. అప్పుడు ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టుకి తీసుకున్నారు. ఎవరొస్తే వాళ్ళకి పని, పనికి కూలి, కూలితో తిండి. బోధకులే మేస్త్రీలై నిలబడి మట్టి కొలిచారు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని వేలమంది అడిగారు. సహాయం అందుతున్నంతకాలం ఇవ్వనన్నారు క్లౌగారు. అన్నం కోసం వచ్చారని రేపు ఎవరూ వాళ్ళని అనకూడదు, అన్నానికి బదులు విశ్వాసం అడిగామని మనల్నీ అనకూడదు. కరువు సాయం ముగిసి, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పాకనే బాప్తిస్మాలు మొదలుపెట్టారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య మనవాళ్ళంతా గొప్పగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అంతకుముందు కాలువగట్టు మీద 'ఇప్పుడు కాదు' అని ఆగిన ఆ నెలలే గొప్పగా కనిపిస్తాయి. సాయం అందుకున్న మనిషి తలెత్తుకుని ఉండాలన్న పట్టింపు అందులో ఉంది. మీ కవరు తిరిగిచ్చినాయన అడిగింది కూడా అదే.

స్తోమత లేదన్నావు. మీ సంఘంలో ఆడవాళ్ళు పిడికెడు బియ్యం తీస్తారా? పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో పోసి, ఆదివారం గుడికి తెచ్చే అలవాటు మన పాత సంఘాల్లో చాలాచోట్ల ఉండేది. మిజోరంలో సంఘాలు 1910 నుంచి ఇదే పద్ధతిలో పెద్దపెద్ద సేవలు నడుపుతున్నాయి, వాళ్ళూ పేదవాళ్ళే. ఆగిపోయి ఉంటే మళ్ళీ మొదలుపెట్టించు. అయితే ఆ బియ్యం వేలం వేసి గుడి సున్నాలకి ఖర్చు పెట్టకుండా, ముందు జబ్బు ఉన్న ఇళ్ళకి వెళ్ళేలా తీర్మానం రాయించు.

డబ్బు లేని సాయాలే ఎక్కువ అవసరం పడతాయి. సర్వజన ఆసుపత్రిలో రోగితో రాత్రి ఉండటానికి ఒక మగమనిషి దొరక్క ఎంతమంది ఆడవాళ్ళు అల్లాడిపోతారో నాకు తెలుసు. మీ యువజనులు వంతులవారీగా ఆ రాత్రులు పంచుకోండి. రోగి ఇంట్లో గేదె ఉంటే పాలు ఎవరు పితుకుతారు, పిల్లల్ని బడికి ఎవరు పంపుతారు, కూలికి పోలేని రోజుల్లో కొట్టు బాకీ ఎవరు మాట్లాడతారు, ఇవన్నీ ఒకరొకరు పంచుకుని పేర్లు రాసుకోండి. సంఘంలో ఎవరిది ఏ రక్తం గ్రూపో రాసిన కాగితం ఒకటి నీ దగ్గర ఉండాలి. ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) కౌంటర్లో ఏ కాగితం అడుగుతారో తెలిసిన కుర్రాడు ఒకడుంటే వాడు పది ఇళ్ళ పెట్టు.

ఒక జాగ్రత్త. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో, అనుదిన పరిచర్యలో గ్రీకు మాట్లాడే విధవరాళ్ళని చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు పుట్టింది. అపొస్తలులు ఆ సణుగుడుని తిట్టలేదు, ఏడుగురు మనుషుల్ని ఆ పని కోసమే నియమించారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అంటే ఎవరికి అందలేదో వాళ్ళ వైపునుంచే పంచేవాళ్ళని తీసుకున్నారన్నమాట. మీ కమిటీలో విధవరాలు ఒకరైనా ఉన్నారా? గుడికి రావడం మానేసినవాళ్ళ ఇళ్ళు మీ జాబితాలో ఉన్నాయా? కానుక వేయనివాళ్ళ ఇళ్ళు? అక్కణ్ణుంచి మొదలుపెట్టు.

ప్రశ్న: కువైట్‌లో ఇంటిపనికి వచ్చి ఉన్నాను అక్కా. మాది కోనసీమ. మా అమ్మ చనిపోతే సేఠు సెలవు ఇవ్వలేదు. సమాధి కార్యక్రమం తమ్ముడు వీడియో కాల్‌లో చూపించాడు, మధ్యలో సిగ్నల్ పోయింది. అమ్మ మొహం మీద మట్టి వేయకముందే ఆగిపోయింది. పని చేసుకుంటూనే ఏడుస్తున్నాను. నా పాపం పోతుందా?

జవాబు: నీకు పాపం ఎక్కడిదమ్మా? ఆ ఇంటి పైకప్పు నువ్వు పంపిన డబ్బుతోనే వేసి ఉంటారు, అమ్మ మందులూ నీ కష్టంతోనే కొని ఉంటారు. చావు దగ్గర లేకపోవడం నీ తప్పు కాదు, నిన్ను పంపనివాళ్ళది.

అయితే ఏడవడానికి నీకొక చోటు కావాలి, ఆ వంటగది చాలదు. శుక్రవారం సెలవు దొరికితే ఆరాధనకి వెళ్ళు. కువైట్‌లో తెలుగు సంఘాలు ఉన్నాయి, అక్కడ అందరూ శుక్రవారమే కూడుకుంటారు. కడపవాళ్ళు, గోదావరివాళ్ళు, నీలాగే తల్లినో తండ్రినో ఫోన్లో సాగనంపినవాళ్ళు ఆ బెంచీల మీద చాలామంది ఉంటారు. అమ్మ పేరు చెప్పి, ఆదరణ ప్రార్థన పెట్టమని అడుగు. అమ్మకిష్టమైన పాట వాళ్ళ చేత పాడించుకో. బయటికి పంపకపోతే ఫోన్లోనే కలవడానికి వాళ్ళలో ఒకరి నంబరు సంపాదించు. తమ్ముడికి కూడా చెప్పు, మొదటి సంవత్సరీకం కూడిక నువ్వు సెలవు మీద వచ్చే నెలలో పెట్టుకోమను. తేదీ అటూ ఇటూ అయినా ఫరవాలేదు. సమాధి మీద రాయి అప్పుడు నీ చేత్తో పెట్టించమను. జీతం ఆపినా, పాస్‌పోర్టు లాక్కుని ఇబ్బంది పెట్టినా భారత రాయబార కార్యాలయంలో ఫిర్యాదు చేయొచ్చు, భయపడకు.

ప్రశ్న: నమస్కారమండీ. మేము హిందువులం, ఖమ్మంలో ఉంటాం. పక్కింటి టీచరుగారు క్రైస్తవులు, నాకు అక్కలాంటివారు. వారి భర్త ఈమధ్యే కాలం చేశారు. 'ఆదరణ కూడిక'కి రమ్మన్నారు. మేం వెళ్ళొచ్చా? బొట్టు తీసి వెళ్ళాలా? ఏం తీసుకెళ్ళాలి, ఏం మాట్లాడాలి? తప్పు చేస్తానేమోనని భయంగా ఉంది. – ఒక గృహిణి

జవాబు: తప్పకుండా వెళ్ళండమ్మా. బొట్టుతోనే వెళ్ళండి, మీరు మీలాగే కావాలి ఆవిడకి. ఆదరణ కూడిక అంటే పాటలు, బైబిల్ పఠనం, పాస్టరుగారి సందేశం, పోయినవారి గురించి తెలిసినవాళ్ళు చెప్పే నాలుగు మాటలు, ఆ తర్వాత భోజనం. అందరూ లేచి నిలబడినప్పుడు మీరూ నిలబడితే చాలు, మిగతాది ఏదీ మీరు చేయక్కర్లేదు. మాట్లాడమంటే ఆయన మీ పిల్లలకి లెక్కలు చెప్పారా, మీ ఇంటి గేటు బాగుచేశారా, అలాంటిది ఒక్కటి చెప్పండి. భార్యకి ఆ మాటలు చాలాకాలం గుర్తుంటాయి. 'మంచివాళ్ళని దేవుడు తొందరగా తీసుకుపోతాడు' అని మాత్రం అనకండి. మా వాళ్ళు కూడా అంటారు, వద్దని నేను అందరికీ చెబుతుంటాను. ఏం మాట్లాడాలో తోచకపోతే పక్కన కూర్చోండి, అంతే.

మీ అసలు అవసరం కూడిక అయిపోయి చుట్టాలు బస్సులెక్కాక మొదలవుతుంది. మరణం నమోదు 21 రోజుల్లోపు చేయించాలి, చేయించారో లేదో కనుక్కోండి. ధ్రువీకరణ పత్రం కాపీలు నాలుగైదు ఎక్కువ తీయించండి. బ్యాంకులో నామినీ కాగితాలు, ఆయనది ప్రభుత్వ ఉద్యోగమైతే కుటుంబ పింఛను దరఖాస్తు, గ్యాస్ కనెక్షన్ పేరు మార్చడం, వీటన్నిటికీ ఒక్కత్తే తిరగడం చాలా కష్టం. ప్రతి కౌంటర్లోనూ 'భర్త లేరా?' అని అడుగుతారు. ఆ ప్రశ్న వచ్చినప్పుడు పక్కన మీరుంటే మీరే జవాబు చెప్పొచ్చు. నవంబరు 2న సమాధుల పండుగ వస్తుంది. ఆ రోజు సమాధులు కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. మొదటి ఏడు ఆ పని కష్టంగా ఉంటుంది, తోడు రానా అని ముందే అడగండి.

అన్నం సంగతి కూడా అడగబోయి ఆగినట్టున్నారు. మీ ఇంట్లో వండింది నిరభ్యంతరంగా పంపండి, మీ ఇంటికి భోజనానికి పిలవండి. ఆవిడకి మైల పట్టింపులు ఉండవు. పండగ రోజు దేవుడికి పెట్టిన ప్రసాదం మాత్రం కొందరు తీసుకోరు, కాబట్టి దాన్ని పక్కన పెట్టి విడిగా వండిన పులిహోర పంపించండి. రాత్రిపూట ఒక్క మనిషికోసం పొయ్యి వెలిగించబుద్ధి కాదు. అందుకని రాత్రి పూటే పంపండి.